అమరులును మర్త్యులును

అమరావతి యనగా దేవేంద్రుని పట్టణము. ఆ పేరు కృష్ణ కుడిగట్టున, ప్రత్తిచేలకును మిరపతోటలకును నడుమ నున్న యొక ఊరికి దక్కినది. తారకాసురుని కంఠమందలి లింగము అయిదు తునుకలై పడగా, అందొకదానిని ఇంద్రుడే ఇచ్చట ప్రతిష్ఠించెనని స్థలపురాణము చెప్పును. స్వర్గాధిపతి నేలకు దిగివచ్చి నదియొడ్డున లింగమును నిలుపుట ఈ ప్రాంతపు పిల్లలకు వింతగొల్పు మాట కాదు. శివరాత్రినాడు వారు పోవునది ఆ అమరేశ్వరుని గుడికే. ఆ పిల్లవాడే ఒలింపస్ పర్వతమును గూర్చి ఆంగ్లవాచకములో చదివి, “మాస్టారూ, జ్యూస్ అంటే మన ఇంద్రుడేనా?” అని అడిగినప్పుడు ఉపాధ్యాయునకు చిక్కు వచ్చును.

ఔనన్నను పొరపాటే, కాదన్నను పొరపాటే. జ్యూస్ అను పేరు వేదములలోని ‘ద్యౌః’ అను మాటకు తోబుట్టువు. గ్రీకులు అతనిని తండ్రీ యని సంబోధించినట్లే ఋగ్వేదము ద్యౌస్సును ‘పిత’ యని పేర్కొన్నది. రోమకుల జూపిటరు పేరులోను ఆ రెండు మాటలే కలిసియున్నవి. అయితే వేదకాలమునాటికే ద్యౌస్సు వెనుకబడెను. పిడుగును, వానయు, దేవతలపై దొరతనమును ఇంద్రునివయ్యెను. కావున జ్యూసునకు పేరు ద్యౌస్సుది, ఆయుధము ఇంద్రునిది. ఒక్క మూలభాషనుండి చీలిపోయిన భాషల చుట్టరికమిది. తెలుగు ఆ కుటుంబములోనిది కాకపోయినను, సంస్కృతము ద్వారా ఆ ఆస్తిలో పాలు పొందినది. గ్రీకుపురాణములన్నియు మనయొద్దనుండి తరలిపోయినవేయని సభలలో వినవచ్చు మాట చప్పట్లకు పనికివచ్చును గాని, తరగతిలో చెప్పదగినది కాదు.

నిజముగా ఇచ్చిపుచ్చుకొనుటలు జరిగిన తావున వానిని ఒప్పుకొనుటకు జంకనక్కరలేదు. యవనులన్న మాట శాతవాహనులకు క్రొత్త కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి శకులను, యవనులను, పహ్లవులను మర్దించెనని అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక గుహాశాసనమున చెప్పించినది. నాగార్జునకొండలో రోమకచక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. అచ్చటి రాజగృహపు స్తంభమొకదానిపై కొమ్ముపాత్రను చేతబట్టి నిలిచిన మూర్తి కలదు. అతడు గ్రీకుల మద్యదేవతయైన డయొనిసస్‌ను తలపించునని కొందరు పండితులందురు. అమరావతి స్తూపపు ప్రాకారము మీది దూలమున లావుపాటి పూలదండను భుజములపై మోయుచు యువకులు సాగిపోవుచుందురు. గాంధారశిల్పమున అట్టి దండనే మోయువారు గ్రీకుల ఎరోసును బోలిన దిగంబరబాలకులు. తీరువు ఎచ్చటినుండి వచ్చినను, కృష్ణాతీరమున దానిని మోసిన భుజములు ఈ దేశమువారివే.

కథలలోనికి పోయినప్పుడు పోలిక మరింత రుచించును. గ్రీకులకు మార్పెస్సా యను కన్య కథ యొకటి కలదు. ఆమెకై ఇడాస్ అను నరుడును, అపోలో దేవుడును పోరిరి. జ్యూస్ నడుమ వచ్చి, కోరుకొను హక్కు ఆమెకే యిచ్చెను. తాను ముసలిదైనప్పుడు ముసలితన మెరుగని దేవుడు విడిచిపోవునని తలచి ఆమె నరునే వరించినది. తెలుగు విద్యార్థి ఇది వినినంతనే దమయంతిని తలచుకొనును. అమరావతికి దూరము కాని కొండవీటి రాజ్యములో విద్యాధికారియైయున్న శ్రీనాథుడు, హర్షుని కావ్యమును తెనిగించి శృంగారనైషధముగా రచించిన కథ అది. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపములు దాల్చి స్వయంవరమున కూర్చుండిరి. అయిదుగురు నలులు! భారతకథ ప్రకారము దమయంతి ఆ దేవతలనే ప్రార్థింపగా వారు తమ గురుతులు చూపిరి: చెమట లేదు, రెప్పపాటు లేదు, దండలు వాడవు, పాదములు నేల తాకవు. చెమట పట్టినవానిని, దండ వాడినవానిని, నీడ పడినవానిని ఏరి ఆమె వరించినది.

మార్పెస్సా ఎంపికలో ముందుచూపు కలదు. దమయంతి ఎంపికలో అంతకు ముందే ఇచ్చిన మాట కలదు. కాని ఇద్దరును చావు కలిగినవానినే కోరుకొనిరి. దమయంతి తిరస్కారమునకు దిక్పాలురు కోపింపలేదు సరికదా, ఒక్కొక్కరు రెండేసిగా ఎనిమిది వరములిచ్చి వెడలిరి. అపోలో అంతటి ఓర్పుగలవాడు కాడు. తన ప్రేమను కాదన్న కసాండ్రాకు తానిచ్చిన భవిష్యజ్ఞానమును వెనుకకు గొనలేక, ఆమె మాట నెవ్వరును నమ్మకుండునట్లు శపించెను. దీనినిబట్టి మన దేవతలు శాంతులు, వారి దేవతలు కోపిష్ఠులు అని తీర్పు చెప్పుట తొందరపాటగును. నలదమయంతుల కథలోను కోపమున్నది. అది స్వయంవరమునకు ఆలస్యముగా వచ్చిన కలిపురుషుని పాలు చేయబడినది. జూదమును, అడవియు, ఎడబాటును వాని పని. దిక్పాలుర మర్యాద దక్కెను, దమయంతికి కష్టము మాత్రము తప్పలేదు.

దేవతలు మారువేషమున వచ్చి నరుని పరీక్షించు కథలు రెండుచోట్లను కొల్లలు. ఆవిడ్ అను రోమకకవి చెప్పినదానిలో జూపిటరును మెర్కురియు బాటసారులై ఫ్రిజియా దేశమున వేయి ఇండ్ల తలుపులు తట్టిరి. ఫిలెమన్, బాకిస్ అను ముదుసలి దంపతులు తప్ప ఎవ్వరును తలుపు తీయలేదు. ఆ పేదలు అతిథులకై తమ ఒక్కగానొక్క బాతును కోయబోగా దేవతలే వారించిరి. ఊరు నీట మునిగెను, గుడిసె గుడి యయ్యెను. శిబిచక్రవర్తి కథలో దేవతల వారింపు ఇంత త్వరగా రాదు. ఇంద్రుడు డేగయై, అగ్ని పావురమై వచ్చిరి. త్రాసులో రాజు మాంసము కోసి వేయుచున్నను, కడకు తానే త్రాసెక్కువరకును వారు నోరు మెదపరు. పల్నాటి గోలిలో దొరకిన శిల్పములందు విశ్వంతరుని కథ కలదు. బిడ్డలను దానము చేసిన ఆ రాజకుమారునియొద్దకు శక్రుడు బ్రాహ్మణవేషమున వచ్చి భార్యను కూడ యాచించి, పుచ్చుకొని, మరల ఆయనకే అప్పగించును. బిడ్డల దానమును సమర్థించుటకు ఏ ఉపాధ్యాయునకైనను నోరు రాదు. విద్యార్థులు అడిగినచో, ఆ ప్రశ్న న్యాయమైనదేయని ఒప్పుకొనుటే మేలు.

ఇక అధ్యాపకులు సాధారణముగా దాటవేయు కథ. జ్యూస్ యాంఫిట్రియన్ రూపమున వచ్చి అతని భార్యయైన ఆల్క్‌మీనీని మోసగించెను. ఆమెకు హెరక్లీస్ పుట్టెను. ఇంద్రుడు గౌతముని రూపమున వచ్చెను. అహల్య రాయి యయ్యెనని జనము చెప్పుకొందురు. ఇట్టి కథలు పసివారికి చెప్పవచ్చునా యను శంక నేటిది కాదు. హోమరును హీసియడును దేవతలకు దొంగతనమును, వ్యభిచారమును, వంచనను అంటగట్టిరని జెనోఫనీస్ నిందించెను. ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథమున బాలురకు అట్టి కథలు వినిపింపరాదనెను. ప్లేటో అంతటివాడు చెప్పినను ఆ కథలు చావలేదు. వానిని దాచినచో పిల్లలు మరియొకచోట, మరియొక రీతిని వినుట తప్పదు. పైగా అహల్యకథలో ఒక విశేషమున్నది: వంచించినవాడు దేవేంద్రుడైనను ముని శాపమునుండి తప్పించుకొనలేదు. జ్యూసునకు శిక్ష విధించిన యాంఫిట్రియను లేడు. అయితే శాపములో పెద్దపాలు అహల్యపైననే పడినదని గడుసు విద్యార్థిని యెవరైన లేచి చెప్పినచో, ఆమెను కూర్చుండబెట్టరాదు.

మర్త్యుడు పైకి ఎదుగుట దేవతలకు రుచింపదన్న మాట రెండు పురాణములందును కలదు. నరుడు తపస్సు చేసినచో ఇంద్రుని ఆసనము కదలును, అప్సరసలు బయలుదేరుదురు. గ్రీకుదేశమున ప్రొమీథియస్ స్వర్గమునుండి నిప్పును తెచ్చి నరులకిచ్చినందులకు కొండకు బంధింపబడెను, గ్రద్ద అతని కాలేయమును పొడిచి తినెను. అమరావతి శిల్పి చెక్కిన గుండ్రని ఫలకమొకటి దీనికి తారుమారుగా నున్నది. అందు దేవతలు గుంపుగూడి, బుద్ధుని భిక్షాపాత్రను పైకెత్తుకొని, ఆడుచు పాడుచు స్వర్గమునకు గొనిపోవుచుందురు. దేవతల సొత్తు నేలకు వచ్చుట కాదది. అన్నము తిన్న మనుష్యుని పాత్ర దేవతలకు పూజావస్తువైనది.

1797లో కర్నల్ మెకంజీ ఈ దిబ్బను చూచెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్లు 1859లో లండను చేరినవి. మరికొన్ని మద్రాసునకు పోయెను. అమరావతిలో పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యొకటి కలదు గాని, దేవతలు ఆడుచున్న ఆ ఫలకమును చూడగోరు గుంటూరు విద్యార్థులు మాత్రము నేటికిని చెన్నపట్నపు ఎగ్మూరుకు రైలెక్కవలసియున్నది.