సైన్సు ముచ్చట్లు: కండ పుట్టుకదా, నరానిదా?

థాంక్స్‌గివింగ్ నాడు టర్కీ కోసే ఇంట్లో ఒక ప్రశ్న తప్పదు: తెల్ల మాంసమా, నల్ల మాంసమా? మన ఇళ్ళలో ఇదే తగువు కోడికూర గిన్నె దగ్గర లెగ్ పీస్ కోసం జరుగుతుంది. (శాకాహార మిత్రులు ఈ ఒక్క పేరా ఓర్చుకోవాలి!) ఒకే పక్షి, ఒకే తిండి, ఒకే రక్తం. మరి రొమ్ము తెల్లగా, కాలు ముదురు రంగులో ఎందుకుంటాయి?

కాలి కండ రోజంతా పక్షిని నిలబెట్టాలి, నడిపించాలి. అందుకని దాంట్లో నిదానంగా, అలసిపోకుండా పనిచేసే పోచలు ఎక్కువ. వాటిలో ఆక్సిజన్‌ని పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ దండిగా ఉంటుంది. ఆ రంగు దానిదే. రొమ్ము కండకి పని పడేది కోడి రెక్కలు టపటపా కొట్టి గోడెక్కే ఆ నాలుగు క్షణాలే. అక్కడ వేగపు పోచలుంటాయి. చటుక్కున బలం చూపి, అంత త్వరగానూ అలసిపోతాయి. గంటల తరబడి ఎగిరే అడవి బాతుకి మాత్రం రొమ్ము కూడా ముదురు రంగే. మనలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. మనల్ని నిలబెట్టే పిక్కలోని సోలియస్ కండరంలో నిదానపు పోచలదే పెత్తనం. తొడ ముందు కండరంలో సగటున చెరి సగం.

ఏ పోచ ఏ రకం కావాలో ఎవరు నిర్ణయిస్తారు? శనివారం పొద్దున సాకర్ మైదానం పక్కన మడత కుర్చీల్లో కూర్చున్నప్పుడు మనలో ఎవరో ఒకరు అననే అంటారు: "మా వంశంలో ఆటగాళ్ళు లేరండీ, మావాడికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?" ఈ మాటలో నిజమెంతో చూద్దాం.

ముందు పుట్టుక వాదం. 1986లో మిల్లర్, స్టాక్‌డేల్ అనే శాస్త్రవేత్తలు కోడి పిండంలోంచి కండకి మూలమైన కణాలను ఒక్కొక్కటిగా విడదీసి గాజు పళ్ళేల్లో పెంచారు. అక్కడ నరమన్నదే లేదు. అయినా కొన్ని కణాల సంతతి వేగపు రకమే అయింది, మరికొన్నిటి సంతతిలో నిదానపు గుణం కనిపించింది. అంటే వంశం పాత్ర ఉంది. జీబ్రా చేపలోనూ అంతే. వెన్ను మధ్యన పుట్టిన కొన్ని కణాలు అక్కడ అందిన ఒక రసాయన సంకేతంతో నిదానపు పోచలుగా మారి, చర్మం కిందికి వలస పోతాయి. పిల్లలూ, ఆ సంకేతాల కుటుంబంలో ఒకదాని పేరు వింటే మీకు నవ్వొస్తుంది: సోనిక్ హెడ్జ్‌హాగ్. అవును, మీ వీడియో గేమ్ హీరో పేరే!

ఇక నరం వాదం. 1960లో బుల్లర్, జాన్ ఎకిల్స్, రోసమండ్ ఎకిల్స్ పిల్లి కాలిలో నిదానపు కండరానికి వెళ్ళే నరాన్నీ, వేగపు కండరానికి వెళ్ళే నరాన్నీ కోసి, తారుమారుగా కలిపారు. నరాలు మళ్ళీ అతుక్కున్నాక చూస్తే నిదానపు కండ చురుకైంది, చురుకైనది నెమ్మదించింది! 1969లో సాల్మన్స్, వ్రబోవా ఇంకో అడుగు వేశారు. కుందేలు వేగపు కండరానికి వెళ్ళే నరానికి సెకనుకు 10 చొప్పున, వారాల తరబడి విద్యుత్ స్పందనలిచ్చారు. నరం మార్చకుండానే కండ నిదానపు రకంగా మారింది. అంటే ఏ నరమన్నది కాదు, అది పంపే మాటల తీరే ముఖ్యం.

ప్రోగ్రాములతో బతికేవాణ్ణి కనుక దీని లోపలి లాజిక్ నాకు భలే నచ్చింది. నరం ఆగకుండా సంకేతాలు పంపుతూ ఉంటే పోచలో కాల్షియం ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉంటుంది. దాన్ని కాల్సిన్యూరిన్ అనే ఎంజైము పసిగట్టి, తన దూతను కణకేంద్రంలోకి పంపి నిదానపు జన్యువులను మేల్కొలుపుతుంది. అప్పుడప్పుడు వచ్చే పెద్ద సంకేతాలకు ఆ మేలుకొలుపు అందదు.

మరి సాధనతో ఎవరైనా ఉసేన్ బోల్ట్ అయిపోవచ్చా? కాలేరు. వేగపు పోచల్లోనే త్వరగా అలసిపోయేవి, కాస్త ఓర్పున్న రకంగా సులువుగా మారతాయి. వేగం నుంచి నిదానానికి పూర్తిగా దాటడం మామూలు వ్యాయామంతో కష్టం. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అన్న సామెతకి కండల విషయంలో సగం మార్కులే వేయాలి.

ఈ కథ మన పెద్దవాళ్ళకి మరీ అవసరం. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం ఎన్నో పోచలను నడుపుతుంది, అవన్నీ ఒకే రకం. వయసు మీద పడ్డాక కొన్ని నాడీకణాలు చనిపోతాయి. అనాథలైన పోచలను పక్కనున్న నరం కొమ్మ చాచి దత్తత తీసుకుంటుంది. దత్తు వెళ్ళిన పోచ కొత్త ఇంటి తీరు నేర్చుకుంటుంది. దత్తత దొరకనివి ఎండిపోతాయి. ఎక్కువగా చిక్కిపోయేవి వేగపు పోచలే. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి కావలసినవీ అవే!

దీనికి మందు ఉంది. 1990లో బోస్టన్‌లో 90 ఏళ్ళ చుట్టుపక్కల వయసున్న వృద్ధులతో 8 వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే కాళ్ళ బలం రెట్టింపు దాటింది. నడక మంచిదే, కానీ నడక ఎక్కువగా నిదానపు పోచల పని. వేగపు పోచలను లేపాలంటే కాస్త బరువు కావాలి.

కాబట్టి పిల్లలూ, ఈ వేసవిలో అమ్మమ్మ, తాతయ్య వస్తే, డాక్టరుగారిని అడిగి, రోజూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమనండి. పక్కన నిలబడి లెక్కపెట్టే పని మీది. లెక్క తెలుగులోనే!