సంపాదకుని మాట: గుల్లలోని ప్రాణం

ఈ సంచిక సన్యాసి పీతలది. సెలవుల కాలం వచ్చింది. అమెరికా తీరాల్లోని దుకాణాల్లో రంగు పూసిన గుల్లలతో, తీగ పంజరాల్లో వీటిని అమ్ముతారు. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకున్న పీత చాలా ఇళ్లలో నెలల్లోనే చచ్చిపోతుంది. సరిగా చూసుకుంటే 30 ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి.

మా రచయితలందరూ తిరిగి తిరిగి తేమ దగ్గరికే వచ్చారు. నేల మీద తిరిగినా ఈ జీవి మొప్పలతోనే ఊపిరి తీస్తుంది. గాలిలో తేమ 80 శాతం దాకా లేకపోతే మెల్లమెల్లగా ఊపిరాడక పోతుంది. కుబుసం విడవడానికి తడి ఇసుకలో లోతుగా పూడుకుని వారాల తరబడి పైకి రాదు. చనిపోయిందేమోనని తవ్వి తీయకండి, దయచేసి. ఇంకో పీతను కొనేముందు ఇంట్లో ఉన్నదానికి మూతగల గాజు తొట్టె, ఉప్పునీళ్లు, మంచినీళ్లు, రంగు పూయని ఖాళీ గుల్లలు సమకూర్చమని మా విన్నపం.