ఓడిన ఆటను దాచుకోవద్దు

సావనీరులో ఏదైనా రాయమంటే మనం సాధారణంగా విజయాల గురించే రాస్తాం. నేను మాత్రం ఒక ఓటమి గురించి నాకు తోచిన నాలుగు మాటలు చెప్పదలిచాను.

నిరుడు హాస్టల్ చదరంగం పోటీలో, మొదటి రౌండులోనే, ఫస్టియర్ తమ్ముడొకడు పద్నాలుగు ఎత్తుల్లో నా ఆట కట్టించాడు. అప్పటిదాకా మా ఊళ్లో నన్ను మించిన ఆటగాడు లేడని నా నమ్మకం. ఊళ్లో ఆడేవాళ్లం ముగ్గురమే అన్నది వేరే సంగతి. ఎత్తులు రాసుకున్న కాగితాన్ని చింపి పారేశాను. ఆ రాత్రి కసికొద్దీ ఫోనులో వరుసగా తొమ్మిది ఆటలు ఆడి ఏడు ఓడిపోయాను.

మా గదిలో ఉండే పాలమూరు మిత్రుడు, వనపర్తి దిక్కువాడు, అదంతా చూస్తూనే ఉన్నాడు. "ఆడుడు ఆపి, ఎందుకు ఓడినవో చూడు రా" అంటూ తన ఫోనులో ఒక వీడియో పెట్టాడు. అందులో ఉన్నది గ్రాండ్‌మాస్టర్ల ఆట కాదు. నాలాంటి ఔత్సాహికుడెవడో ఆడి ఓడిన ఆట. ఆశ్చర్యమేమంటే, నేను చేసిన తప్పే వాడూ చేశాడు.

ఆ తప్పేమిటో చెబుతాను. నావి నల్లపావులు. నాలుగో ఎత్తులో ఎదుటివాడు గుర్రాన్ని ముందుకు దూకించి, నా రాజు పక్కనున్న బంటు మీద గురిపెట్టాడు. ఆ బంటుకు రాజు తప్ప వేరే కాపలా లేదు. అతని ఒంటె దారికి అడ్డంగా నేను మధ్య బంటును తోశాను. అంతవరకు సరే. అతడు ఆ బంటును కొట్టగానే, నేను గుర్రంతో తిరిగి కొట్టాను. అక్కడే మునిగాను. అతని గుర్రం నా బంటును కొట్టి, మంత్రి మీద, ఏనుగు మీద ఒకేసారి కన్నేసింది. రాజుతో దాన్ని కొట్టక తప్పలేదు. వెంటనే మంత్రితో చెక్ చెప్పాడు. నా రాజు బోర్డు నడుమకు నడిచొచ్చి గుర్రానికి కావలి కాయవలసిన గతి పట్టింది. ఇది సుమారు నాలుగు వందల ఏళ్లుగా తెలిసిన ఉచ్చట!

వీడియోలో చెప్పే ఆయన సరిగ్గా ఆ ఎత్తు దగ్గర ఆట ఆపాడు. "ఇది తప్పు" అని ఊరుకోలేదు. "వీడు ఏమనుకుని ఇలా ఆడాడు?" అని అడిగాడు. నా బంటును కొట్టాడు గనక నేనూ కొట్టాలి, అంతే కదా! నేనూ అదే అనుకున్నాను. ఒక బంటు పోతే పోయిందని, రెండో గుర్రాన్ని అంచుకు తీసుకుపోయి ముందు ఆ ఒంటెను తరమాలని ఆయన చెప్పాడు. నా ఆలోచనలోని తప్పును ఎవరో నా పక్కన కూర్చుని చూపినట్లయింది.

మహామహుల ఆటలు చూసి నేర్చుకోరాదా అని అడిగేవారున్నారు. మన తెలుగువాళ్లు తక్కువవారేమీ కారు. గుంటూరు హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. గుడివాడ హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ రాపిడ్ చాంపియన్. మన ఓరుగల్లు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగుకు చేరాడు. ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు అతడే. వీళ్ల ఆటలు చూస్తే గర్వం కలుగుతుంది. కాని నేను పడిన గుంటలో వాళ్లు పడరు. పడరు గనక ఆ గుంట వాళ్ల ఆటల్లో కనిపించదు. 1935లో ప్రపంచ చాంపియన్ అయిన మాక్స్ యూవే గణితోపాధ్యాయుడు. ఆయన ఈ సంగతి గుర్తించే కాబోలు, మాస్టరుతో ఔత్సాహికుడు ఆడితే ఎక్కడెక్కడ తప్పుతాడో చూపుతూ వాల్టర్ మీడెన్‌తో కలిసి ఒక పుస్తకం రాశాడు. నేడు అమెరికాకు చెందిన జాన్ బార్తొలొమ్యూ వంటివారు, మెట్టు మెట్టుగా పెరిగే ప్రత్యర్థులతో ఆడుతూ, తమ ఆలోచనను పైకి చెబుతూ వీడియోలు చేస్తున్నారు.

అయితే అన్ని వీడియోలూ ఒకటి కావు. లెవీ రోజ్‌మన్ చానల్లో, ప్రేక్షకులు పంపిన ఆటలు చూసి వాళ్ల రేటింగెంతో ఊహించే కార్యక్రమం ఉంది. చూస్తే నవ్వొస్తుంది, కాని పరుల తప్పుకు నవ్వినంత మాత్రాన మన తప్పు పోదు. కంప్యూటరు సంగతీ అంతే. లిచెస్ అనే సైటులో ఉచితంగా ఆట పరీక్షించుకోవచ్చు. ఏ ఎత్తు తప్పో క్షణంలో చెబుతుంది. నేనెందుకు ఆ తప్పు చేశానో దానికెలా తెలుస్తుంది? నెల రోజులు వీడియోలు చూసినా నాకు ఒక్క మెట్టూ పెరగలేదు. జవాబు రాకముందే వీడియో ఆపి, నా జవాబు కాగితం మీద రాయడం మొదలుపెట్టాకే మార్పు వచ్చింది.

"రైతు బిడ్డవు, చదువుకో పో, ఆటలెందుకు?" అంటారేమో. రైతు బిడ్డను గనకనే ఈ మాట అంటున్నాను. మాది దేవరకొండ దిక్కు, రాతి నేల. నేను ఆరో తరగతిలో ఉండగా నాయిన బోరు వేయించాడు. దుమ్ము లేచింది. వారం తిరగకుండానే అప్పు తెచ్చి, పది అడుగుల అవతల ఇంకొకటి వేయించాడు. మళ్లీ దుమ్మే. "మొదటిది ఎందుకు పోయిందో ఎవర్నన్న అడిగినవా?" అని అమ్మ అన్నది. నాయిన మాట్లాడలేదు. ఆ అప్పు తీరడానికి మూడు పత్తి పంటలు పట్టాయి. ఆ రాత్రి ఫోనులో నేనాడిన తొమ్మిది ఆటలకూ, ఆ రెండో బోరుకూ తేడా ఏమిటి? ఓడినవాడికి తొందర ఎక్కువ. ఊళ్లో ఎండిన బోరు గురించి ఎవరూ మాట్లాడరు, అవమానమని. అందుకే పక్కవాడు కూడా అక్కడే దింపుతాడు.

ఊరిదాకా ఎందుకు? లాబ్‌లో టైట్రేషన్ రీడింగులు మూడూ ఒకటి కాకపోతే, రికార్డులో ఒకటిగా సర్ది రాసిన చేతులు మనలో ఎన్ని? నా చేయి ఒకటి. సార్లు క్షమించాలి. తప్పు రీడింగును అలాగే ఉంచి, ఎందుకు వచ్చిందని అడిగి ఉంటే, ఆ రోజు కెమిస్ట్రీ కొంచెం ఎక్కువ వచ్చి ఉండేది.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. వారానికొక సాయంత్రం, ఒక గంట, రీడింగ్ రూములో రెండు బోర్డులు పెట్టించండి. ఎవరైనా ఒకరు తాము ఓడిన ఆట తెచ్చి, ప్రతి ఎత్తు దగ్గర ఏమనుకున్నారో తామే చెప్పాలి. మిగతావాళ్లు నవ్వకూడదు, ప్రశ్నలు అడగాలి. మంచి వీడియోలు ఎక్కువగా ఇంగ్లీషులో, హిందీలో ఉన్నాయి. మన ఆటలను మన మాటల్లోనే ఫోనులో తీసి పెడితే, వచ్చే ఏడు ఊళ్ల నుంచి వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తాయి.

మొదటి సాయంత్రానికి ఆట నేను తెస్తాను. కాగితం చింపేసినా పద్నాలుగు ఎత్తులూ నాకు కంఠతా వచ్చు. నన్ను ఓడించిన ఆ తమ్ముడు కూడా వస్తే సంతోషం.