తెల్లవారకముందే లేచినవారు



పునరుత్థాన ఆదివారమున తెల్లవారుజామున నాలుగున్నరకు సూర్యోదయ ఆరాధనకు వెళ్లుచు మేము రైతు బజారు ముందుగా నడచితిమి. శుభ శుక్రవారము మొదలు వరుస సెలవులు గనుక ఆ ఉదయము గిరాకీ ఎక్కువ. హమాలీలు అప్పటికే ఉల్లిగడ్డల బస్తాలు దించుచున్నారు. ఒక మూల మా సంఘ సహోదరి తోటకూర కట్టలపై నీళ్లు చల్లుచున్నది.

"ఈ పొద్దు అమ్ముకోకపోతే ఆకు వాడిపోద్దండీ, అయ్యగారూ" అని తల వంచుకొన్నది. ఆమె భక్తిలో చల్లారినదని తలంచిన మేమే సిగ్గుపడితిమి.

1999లో రైతు బజార్లు ఆరంభమైనది దళారి లేకుండ పండించినవారే అమ్ముకొనుటకు. ఆ కట్ట కోసిన చేతులే దానిని మనకందించును. కూలివాని కూలి మరునాటివరకు నిలుపరాదని లేవీయకాండము 19వ అధ్యాయము హెచ్చరించుచున్నది. అట్లయితే, గుడిలో కానుక వేసి వచ్చుచు, బోర్డుపై ధర వ్రాసియున్నను రూపాయి తగ్గించమని గీచి గీచి బేరమాడుట మనకు తగునా?

మగ్దలేనే మరియ కూడ ఆ దినమున చీకటితోనే బయలుదేరెను. చీకటితో లేచినవారిని ప్రభువు ఎరుగును.

ఆ సాయంత్రమే బజారు పనివారి కొరకు మరల ఆరాధన జరిపి, ప్రభువు బల్ల ఇచ్చితిమి. ఆమె ముందు వరుసలో కూర్చున్నది. ప్రియులారా, మీ సంఘములో ఖాళీగానున్న స్థలము ఎవరిదో, వారు ఎందుకు రాలేదో, నిందింపక ముందు విచారించుడి.