శూన్యమన లేమి యగునా?

పెదకాకాని బజారులో శూన్యమను మాట వినబడని దినము లేదు. పైరు పోయిన ఫలితము శూన్యము; ఆషాఢము వచ్చిన శూన్యమాసము. న్యాయవాదులమైన మేమును ప్రతిపక్షుల సాక్ష్యమును శూన్యమనుటకు వెనుదీయము! ఈ మండలముననే 1976లో వెలసిన విశ్వవిద్యాలయము నాగార్జునాచార్యుని పేరు దాల్చినది. అయినను ఆయన శూన్యతకు లేమి యని యర్థము చెప్పి, దేశపు నిరుత్సాహమునకు దానినే కారణముగా జూపు పెద్దలను మేమెరుగుదుము.

క్రీ. శ. 409లో కుమారజీవుడు ఆచార్యుని మధ్యమకశాస్త్రమును చీనాభాషలోనికి మార్చుచు, ఈ మాటకు 'కోంగ్' అని వ్రాసెను. ఆకాశమును ఖాళీయును దాని యర్థములు. స్వరము మార్చి పలికిన తీరిక యగును. తీరికయున్నదా యని స్నేహితుని నేటికిని ఆ మాటతోనే యడుగుదురు. అందు లేమికంటె చోటే యెక్కువ.

ఆచార్యుడు చెప్పినదేమి? కారణములవలన బుట్టినది గనుక వస్తువునకు సొంత స్వభావము లేదు, అదియే శూన్యత. విత్తనము, నల్లరేగడి, నీరు, కూలివాని చేయి లేక మిరపకాయ యెక్కడిది? స్వభావసిద్ధమైన దెన్నటికిని మారదు, శూన్యమగుటచేతనే మారును. అట్లైన నొకనిని పుట్టుకచే నంటరానివాడనుట యే ప్రమాణమున నిలుచును? శూన్యతను లేమి యని యీసడించు పెద్దలలోనే పుట్టుకను చెక్కుచెదరని స్వభావమనువా రున్నారు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. వారి మనస్సులలో నది యింకను రద్దు కాలేదు.