ఇసుకలో చెడుగుడు

విశాఖ రామకృష్ణా బీచి దారిలో ఉదయాన నడిచేవారి ముఖాలను ఎన్నడైనా గమనించారా? పరీక్ష గది ముంగిట నిలిచిన విద్యార్థుల ముఖాల వలె ఉంటాయి. నా ముఖమూ అట్లే ఉండేది. మధుమేహం, వైద్యుని ఆజ్ఞ, నడక. రెండుమార్లు మొదలుపెట్టి, రెండుమార్లూ నెల తిరగకుండానే మానివేశాను. పథ్యం వలె చేసే పని ఎన్నాళ్ళు సాగుతుంది?

మూడవమారు కాలిబాట వదలి ఇసుకలోకి దిగాను. చెడుగుడు ఆడుతున్న పిల్లలు జట్టుకొకరు తక్కువై, “మాస్టారూ, మీరూ రండి” అన్నారు. పంచె ఎగగట్టి కూతకు వెళ్ళాను. మూడడుగులకే దొరికిపోయాననుకోండి! అయినా ఆనాటి నుండి మానాలనిపించలేదు.

గట్టినేల మీద కంటె ఇసుకలో నడకకు రెండింతలకు పైగా శక్తి వ్యయమవుతుందని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూపారు. కాబట్టి కొద్దిసేపు చాలును. సగం బలం మేరకే వ్యాయామం చేయాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఏనాడో చెప్పాడు. నా వయసువారు అది మరువరాదు. పాదాలు మొద్దుబారిన మధుమేహులు వట్టికాళ్ళతో దిగనే రాదు. నీటి జోలికి ఎవరూ పోవద్దు. ఆ అలల లాగుడు ఎందరిని పొట్టనబెట్టుకున్నదో విశాఖవాసులెరుగుదురు.

ఈ వయసున ఆటలేమిటని ముక్కున వేలేసుకునే మిత్రులున్నారు. 2008లో బాలిలో జరిగిన ఆసియా బీచి క్రీడలలో చెడుగుడును ఇసుక మీదనే ఆడించి పతకాలిచ్చారు. అక్కడ గౌరవమైనది నా దగ్గర పరువుతక్కువ ఎట్లయింది? మా ఇంటావిడ అభ్యంతరం వేరు: పంచెకంటిన ఇసుకను గడప దాటనివ్వదు. వాకిట్లోనే దులుపుకొంటున్నాను.