ఇద్దరు కూర్చొని చేసే ఆత్మవిచారణ: వెళ్లే ముందు ఒక మాట



గత నెలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గుడివాడలోని మా ఇంటికి వచ్చారు. వయస్సులో నాకంటే రెండేళ్లు పెద్దవారు. మంచినీళ్లు తాగి చాలాసేపు మౌనంగా కూర్చొని, చివరకు ఇలా అన్నారు: "డాక్టరుగారూ, మా మనవడు మూడు రోజుల ధ్యాన శిబిరానికి వెళ్తానంటున్నాడు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చొని నేనెవరు అని విచారించుకుంటారట. పంపమంటారా?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదని నాకు చాలా ఏళ్ల క్రితమే తెలిసివచ్చింది. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను. ముందు ఆ పద్ధతి ఏమిటో చూద్దాం.

చార్లెస్ బెర్నర్ అనే అమెరికా దేశస్థుడు 1968లో కాలిఫోర్నియాలో దీనికి రూపకల్పన చేశాడు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు, "నువ్వెవరో నాకు చెప్పు" అంటారు. రెండవవారు తనలోనికి చూసుకొని, తోచినది తోచినట్లు ఐదు నిమిషాలు చెబుతారు. వినేవారు తల ఊపకూడదు, సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. గంట మోగగానే పాత్రలు మారుతాయి. ఇలా నలభై నిమిషాలు సాగాక, మరొకరితో మళ్లీ మొదలు. తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయేదాకా మూడు రోజులు ఇదే పని. పుణెలోని ఓషో ఆశ్రమంలో కూడా దీని నుంచి పుట్టిన శిబిరాలు జరిగాయి. ఆహారం మితం, కాఫీ, టీలు నిషిద్ధం. రెండవ రోజున వచ్చే తలనొప్పిని చాలామంది ఆధ్యాత్మిక అనుభవమనుకుంటారు గాని, మనవంటి ఫిల్టరు కాఫీ భక్తుల విషయంలో అది కెఫీన్ మానినందువల్ల వచ్చే తలనొప్పి మాత్రమే.

"నేనెవరు" అన్న ప్రశ్న అమెరికా నుంచి దిగుమతి అయినది కాదని మీకు తెలుసు. 1902 ప్రాంతంలో రెవెన్యూ శాఖ ఉద్యోగి శివప్రకాశం పిళ్లై అరుణాచలంలో రమణ మహర్షిని దర్శించి ప్రశ్నలు అడిగారు. మహర్షి అప్పుడు మౌనంలో ఉన్నారు. జవాబులు వ్రాసి చూపారు. ఆ ప్రశ్నోత్తరాలే తరువాత 'నేనెవరు' అన్న చిన్న పుస్తకమయ్యాయి. అంటే ఆ గ్రంథం పుట్టింది కూడా ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నప్పుడే. అయితే అక్కడ గంట కొట్టేవారు లేరు, మూడు రోజుల గడువు లేదు.

మన గుడివాడకు కూడా ఈ విచారణతో చుట్టరికం ఉంది. 1918లో మచిలీపట్నంలో పుట్టిన యు.జి. కృష్ణమూర్తి, తల్లి కొద్ది రోజులకే కన్నుమూయగా, గుడివాడలో మాతామహుల ఇంట పెరిగారు. తాతగారు న్యాయవాది, దివ్యజ్ఞాన సమాజంలో ముఖ్యులు. యు.జి. 1939లో తిరువణ్ణామలై వెళ్లి, మీకున్నది నాకివ్వగలరా అని మహర్షిని అడిగారనీ, పుచ్చుకోగలవా అన్న ఎదురు ప్రశ్న వచ్చిందనీ ఆయనే తరువాత చెప్పుకున్నారు. చివరకు ఏ సాధనా అక్కరకు రాదని దేశదేశాల్లో చెబుతూ తిరిగి, 2007లో ఇటలీలో మరణించారు. ఆయన మాటలతో నేను పూర్తిగా ఏకీభవించను. కాని మూడు రోజుల్లో జ్ఞానోదయం అన్న ప్రకటన కనబడినప్పుడల్లా మా ఊరి పెద్దమనిషి నవ్వు నాకు గుర్తుకొస్తుంది.

అలాగని ఈ పద్ధతిని కొట్టిపారేయను. ఇందులో నన్ను ఆకర్షించినది జ్ఞానోదయం కాదు, ఆ ఐదు నిమిషాలు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పరిశీలన జరిపారు. రోగి తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డుపడుతున్నాడని తేలింది. అది చదివి నేను సిగ్గుపడ్డాను. మా ఓ.పి.లలో 18 సెకన్లు కూడా ఎక్కువే. ఇక మన ఇళ్లలో సంగతి చెప్పనక్కరలేదు. భార్య ఒక వాక్యం పూర్తి చేసేలోగా భర్త పరిష్కారం చెప్పేస్తాడు. అడ్డు రాకుండా ఐదు నిమిషాలు వినే మనిషి దొరికితే గుండెల్లో బరువు కొంత దిగుతుంది. దానికి వేదాంతం అవసరం లేదు.

ఇప్పుడు నా సంగతి. నేను సర్వీసులో ఉండగా ఒక రైతు ఓ.పి.కి వచ్చి, తన కుమారుడు ధ్యాన శిబిరానికి వెళ్తానంటున్నాడని, వెళ్లవచ్చునా అని అడిగాడు. బయట బారెడు వరుస ఉంది. "ధ్యానం మంచిదే, బీపీ కూడా తగ్గుతుంది, పంపించు" అన్నాను. ఆ తండ్రి ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను అప్పటికే తరువాతి చీటీ అందుకున్నాను.

ఆ కుర్రవాడు మనోవ్యాధికి లిథియం మాత్రలు వాడుతున్నాడు. తండ్రి చెప్పబోయినది అదే. మాత్రలు వేసుకుంటే మనస్సు మందగించి సాధన సాగదని ఎవరో చెప్పగా, వెళ్లే ముందే మానేశాడట. శిబిరం నిర్వాహకులు కూడా మందుల గురించి అడగలేదు. తిరిగి వచ్చాక నాలుగు రాత్రులు నిద్ర లేదు. తనకు సత్యం తెలిసిపోయిందన్నాడు, బట్టలూ డబ్బూ పంచిపెట్టాడు. ఐదవ రాత్రి కాలువలో దిగి నడుస్తుంటే చేపలు పట్టేవారు చూసి ఒడ్డుకు చేర్చారు. మానసిక వైద్యుని చికిత్సతో కొన్ని వారాల్లో కోలుకున్నాడు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

దీని వెనుక వైద్యపరమైన కారణం స్పష్టమే. బైపోలార్ వ్యాధి ఉన్నవారికి నిద్ర తగ్గడమే ఉన్మాద స్థితికి దారి తీయవచ్చు. మందు మానివేస్తే ప్రమాదం మరింత పెరుగుతుంది. మందు మానకపోయినా, నీరు, ఉప్పు బాగా తగ్గిస్తే లిథియం రక్తంలో పేరుకొని విషమవుతుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారికి నిద్రలేమి వల్ల ఫిట్స్ రావచ్చు. ఇన్సులిన్ తీసుకొని భోజనం తగ్గించేవారికి షుగరు పడిపోవచ్చు. మరొక సంగతి. రోజంతా "నేనెవరు" అని తరచి తరచి అడుగుకుంటుంటే కొందరికి తన చేయి తనది కాదన్నట్లు, లోకమంతా గాజు పలకకు అవతల ఉన్నట్లు తోస్తుంది. వైద్యశాస్త్రంలో దీనికి పేరుంది. శిబిరంలో దానిని పురోగతి అని మెచ్చుకుంటే, ఇంటికి వచ్చాక కూడా అది వదలని మనిషి ఎవరితో చెప్పుకోవాలి? ధ్యానం వల్ల కలిగే చెడు అనుభవాలపై 83 అధ్యయనాలను సమీక్షించి 2020లో ప్రచురించిన ఒక పత్రం, సాధకుల్లో సుమారు 8 శాతం మందిలో ఇటువంటివి కనిపించాయని పేర్కొన్నది. తొమ్మిది పదుల మందికి ఏమీ కాదు, నిజమే. మిగిలినవారు ఎవరో ముందుగా తెలుసుకోవడమే మన పని.

అపరిచితుని ఎదుట మనస్సు విప్పడంలో కూడా ఒక చిక్కు ఉంది. బాల్యంలో జరిగిన అఘాయిత్యం వంటివి హఠాత్తుగా పైకి రావచ్చు. తల కూడా ఊపకూడదన్న నియమం అప్పుడు చికిత్స కాదు, క్రూరత్వం. కనుక వెళ్లదలచినవారు నిర్వాహకులను మొహమాటం లేకుండా అడగండి. రాత్రి ఎన్ని గంటల నిద్ర ఉంటుంది? ఎవరికైనా తేడా చేస్తే చూసే వైద్యుడు ఎవరు? మధ్యలో లేచి వెళ్లిపోవచ్చునా? ఈ చివరి ప్రశ్నకు జవాబు నసిగితే అక్కడికి వెళ్లకండి. మానసిక వ్యాధులకు వాడే మందులను మీ వైద్యునితో చెప్పకుండా ఒక్కపూట కూడా మానవద్దు. తిరిగి వచ్చినవారికి రెండు రాత్రులు వరుసగా నిద్ర పట్టకపోతే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మాస్టారితో ఈసారి నేను తొందరపడలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకొని, "మీ మనవడి సంగతి మొదటి నుంచి చెప్పండి" అన్నాను. గోడ గడియారం చూస్తూ ఐదు నిమిషాలు నోరు మెదపలేదు. మూడవ నిమిషంలో చెప్పారు: ఏడాదిగా ఆ అబ్బాయి నిద్రకు మాత్రలు వాడుతున్నాడట, ఇంట్లో తల్లికి కూడా తెలియదట. శిబిరం తేదీ వాయిదా వేయించాం. వచ్చే ఆదివారం అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తున్నాడు, ముందు మా ఇంటికే వస్తానన్నాడు.